కార్తీకం నుంచి సంక్రాంతి దాకా: చిన్న పొలంలో రంగులు పూయించుకోవడం, కూర్చుని చూడడం

నవంబర్ వచ్చిందంటే ఫోన్ నిండా ఎర్రాకుల ఫోటోలే. కాశ్మీర్ చినార్ చెట్లు, అమెరికాలో ఉన్న బంధువులు పంపే మేపుల్ ఆకులు. నెల్లూరు జిల్లాలోని మా కావలి వైపు ఆ నెలలో చెట్ల మీంచి రాలేది వాన నీళ్లే. అందుకని అలాంటి కాలమే మనకు లేదనుకుంటాం. ఉంది. దసరా దాటాక మొదలై సంక్రాంతి గొబ్బెమ్మల దాకా సాగుతుంది. దాని రంగంతా గట్ల మీద, పాదుల్లో, కంది చేలో ఉంటుంది. పొద్దున్నే వెళ్లి మోటారు వేసి, మందు కొట్టి, తల వంచుకుని ఇంటికొచ్చేస్తాం కాబట్టి కనపడదు.

నాకున్నది 70 సెంట్లు. అందులో పూలకని విడిగా ఇచ్చింది 3 సెంట్లు కూడా ఉండదు. మిగతాదంతా కంది, కూరగాయలు, కాస్త గోంగూర. తప్పులు చేస్తూ నేర్చుకున్నది వరసగా రాస్తున్నాను. పూలు పెంచి మార్కెట్‌కు వేసేవాళ్ల లెక్క వేరు, వాళ్లకు ఇందులో పనికొచ్చేది తక్కువ.

ముందు మన వానల సంగతి

నెల్లూరు జిల్లాలో ఏడాది వానలో సగానికి మించి అక్టోబర్, నవంబర్, డిసెంబర్ నెలల్లోనే పడుతుంది. ఈశాన్య రుతుపవనాల పుణ్యం. ఉమ్మడి ప్రకాశం జిల్లాలో పడమటికి, అంటే మార్కాపురం, గిద్దలూరు వైపు పోయేకొద్దీ నైరుతి వానల వాటా పెరుగుతుంది. అక్కడి గట్లు దసరాకే రంగెక్కితే, సముద్రం వైపున్న మాకు కార్తీకం దాకా ఆగాల్సి వస్తుంది.

ఇది తెలియక నేను మొదటి ఏడు ఎక్కడో తీసిన యూట్యూబ్ వీడియో చూసి జూన్‌లో బంతి నారు పోశాను. ఎండకి మాడింది మాడగా, మిగిలింది సెప్టెంబర్‌కే పూసి ముసలిదైపోయింది. నవంబర్లో వానలు పడి నేలంతా పచ్చబడే సమయానికి నా మడిలో ఎండు పుల్లలున్నాయి.

ఇంకోటి. గోదావరి జిల్లాల్లో నవంబర్‌కి వరి పండి బంగారు రంగులో ఉంటుంది. నెల్లూరు కయ్యల్లో, అంటే వరి మడుల్లో, మాత్రం అప్పుడే నాట్లు. కాబట్టి మన పూల వెనక కనిపించేది నీళ్లు నిలిచిన కయ్య, దాంట్లో లేత పచ్చ నారు, ఆ నీళ్లలో మబ్బు. దాని ముందు పసుపు, నారింజ, ఊదా బాగా పలుకుతాయి. తెలుపు అంతగా పలకదు, పక్కన కొంగలు ఎటూ ఉంటాయి.

కొడవలి పట్టకముందు ఒక సాయంత్రం నడవండి

అక్టోబర్ మొదట్లో ఒకసారి, చేతిలో ఏమీ లేకుండా పొలం చుట్టూ గట్ల మీద తిరగండి. విత్తనాలకు డబ్బు పెట్టకముందే మీ దగ్గర ఏమేం ఉన్నాయో తెలుస్తుంది. మా గట్టు మీద నాకు కనిపించినవి: తంగేడు, గునుగు, తెల్లగా తుమ్మి పూలు, కంచె మీద పాకిన శంఖపుష్పం, కాలువ పక్కన రెల్లు. కాలి కింద విష్ణుక్రాంతం కూడా ఉంది. చొక్కా గుండీ కన్నా చిన్న నీలిపువ్వు. పొద్దున విచ్చుకుని మధ్యాహ్నానికి ముడుచుకుంటుంది కాబట్టి సాయంత్రం నడకలో దొరకదు, దానికోసం ఇంకోసారి పొద్దున వెళ్లాలి.

కంచెలో నాభి తీగ ఉంటే మీరు అదృష్టవంతులు. అగ్నిశిఖ అని కూడా అంటారు. దాన్ని దగ్గరికెళ్లి చూడండి. మొగ్గ ఆకుపచ్చగా కిందికి వేలాడుతుంది. విచ్చుకున్నాక ఆరు రేకులూ వెనక్కి, పైకి తిరిగి మంటలా నిలబడతాయి. మొదలు పసుపు, కొస ఎరుపు. రోజులు గడిచేకొద్దీ ఎరుపు కిందికి దిగుతుంది. ఆకు కొస సన్నగా సాగి ఉంగరంలా చుట్టుకుని పక్క కొమ్మను పట్టుకుంటుంది. విడిగా నులితీగ అంటూ ఉండదు, ఆకే ఆ పని చేస్తుంది. ఇంత అందమూ విషమే. దుంప నుంచి గింజ దాకా అన్నిట్లో విషం ఉంది, దుంపలో మరీ ఎక్కువ. పిల్లలకు చూపించండి, చేత్తో ముట్టొద్దని గట్టిగా చెప్పండి. పశువులను అటు కట్టకండి.

తర్వాత పని చాలా తేలిక: ఒక గట్టును వదిలేయడం. అన్నీ వదిలేయమనడం లేదు, మీరు రోజూ నడవని గట్టు ఒక్కటి. దాని మీద గడ్డి మందు కొట్టకండి, సంక్రాంతి దాకా చెక్కించకండి. వయ్యారిభామ ఒక్కటి మాత్రం పూతకు రాకముందే వేర్లతో పీకేయండి. దాని పుప్పొడితో తుమ్ములు, తగిలితే చర్మానికి దురదలు. చేతికి తొడుగు లేకుండా పీకకండి.

గట్టు వదిలేస్తే ఊళ్లో మాట పడాల్సి వస్తుంది. పక్క పొలం పెద్దమ్మ మొదటి ఏడు నన్ను నిలబెట్టి అడిగింది.

"ఏందయ్యా, గట్టు చెక్కించలా? కూలోళ్లు దొరకలేదా?"

"పూలున్నాయి కదా పెద్దమ్మా, ఉండనీ అని."

"గడ్డిపూలకి గట్టు ఇస్తావా! బాగుంది వరస."

ఇప్పుడు కార్తీక సోమవారాలకు ఆ గట్టు మీద తుమ్మిపూలు కోసుకెళ్లేది ఆమే. శివుడికి ఇష్టమట.

కూర్చునే చోటు ఎంచుకోండి, తర్వాతే మొక్కలు

చాలామంది దీన్ని తిరగేసి చేస్తారు. మొక్కలు ఎక్కడో పెట్టి, చూడ్డానికి స్టూలు తెచ్చుకుని అటూ ఇటూ తిరుగుతారు. ముందు రెండు మూడు సాయంత్రాలు పొలంలో వేర్వేరు చోట్ల కూర్చుని చూడండి.

మన తీరంలో ఈ కాలానికి ఒక ప్రత్యేకత ఉంది. మబ్బు సముద్రం మీంచి, తూర్పు నుంచి వస్తుంది. సాయంత్రం నాలుగున్నర, ఐదు మధ్య పడమర తెరిపిచ్చిందంటే, వాలిన ఎండ మీ వీపు మీదుగా వెళ్లి పూల మీద పడుతుంది, వాటి వెనక ఆకాశం నల్లగా ఉంటుంది. ఆ పావుగంటలో బంతి పసుపును చూడాలి. కాబట్టి బంతి, తంగేడు, కంది వంటి పసుపు పూలు మీ కూర్చునే చోటుకు తూర్పున ఉండాలి.

రెల్లు, గునుగు, సజ్జ కంకులు దీనికి సరిగ్గా వ్యతిరేకం. వాటి వెనక నుంచి వెలుతురు రావాలి, అప్పుడే నూగు మెరుస్తుంది. అవి పడమర పక్కన. కుర్చీని తిప్పుకుంటే సరిపోతుంది.

నేను వేసుకున్నది రెండు రాతి బండలు, కింద ఒక అంకణం (మా వైపు నేల కొలత) మేర ఇసక. ఇసక ఎందుకంటే వానాకాలం బురదలో కాళ్లు దిగబడవు, పురుగూ పుట్రా ఉంటే తేటగా కనపడుతుంది. చుట్టూ రెండు గజాలు గడ్డి లేకుండా చెక్కించుకోండి. గట్టును పూలకు వదిలినా ఈ చోటును మాత్రం శుభ్రంగా ఉంచుకోవాలి. చలికాలంలో రక్తపింజరి తిరుగుతుంది. చీకటి పడ్డాక టార్చి లేకుండా ఒక్క అడుగు కూడా వేయొద్దు.

బంతి: పండగ తేదీ నుంచి వెనక్కి లెక్కపెట్టండి

ధనుర్మాసం డిసెంబర్ 16 ప్రాంతంలో మొదలవుతుంది. ముద్దబంతి విత్తిన రెండు, రెండున్నర నెలలకు పూతకొస్తుంది. చిన్న పూల కారబంతి ఇంకాస్త ముందే. అంటే ధనుర్మాసం ముగ్గుల్లోకి పూలు కావాలంటే సెప్టెంబర్ ఆఖరుకు ముద్దబంతి నారు పోయాలి. కారబంతి అక్టోబర్ మొదటి వారంలో పోసినా అందుతుంది. అన్నీ ఒకేసారి పోయకండి. పదిహేను రోజుల తేడాతో రెండు దఫాలుగా పోస్తే, ఒక దాన్ని వాన కొట్టేసినా రెండోది మిగులుతుంది.

నారుమడి నేల మట్టానికి జానెడు ఎత్తులో ఉండాలి. ఇక్కడే నేను రెండో ఏడు దెబ్బతిన్నాను. చదును నేల మీద పోసిన నారు నాలుగాకుల మీద ఉండగా రెండు రోజులు ముసురు పట్టింది. మూడో రోజు వెళ్లి చూస్తే మొక్కలన్నీ మొదట్లో నల్లబడి, దారం కట్టి లాగినట్టు ఒక పక్కకు పడిపోయాయి. నారుకుళ్లు తెగులు. ఎత్తు మడి, పైన కొబ్బరి మట్టల నీడ, పలచగా చల్లడం, ఈ మూడూ ఉంటే మందుల అవసరం చాలా వరకు పడదు. ఎండ కాసినప్పుడు మట్టలు తీసేయండి, లేకపోతే నారు సన్నగా సాగిపోతుంది.

నారు 25 రోజులకు నాటడానికి వస్తుంది. బోదెల మీద, మొక్కకూ మొక్కకూ మూర దూరం. దగ్గరగా నాటితే తొందరగా నిండినట్టు కనిపిస్తుంది కానీ నవంబర్ తేమకు లోపలి ఆకులు కుళ్లుతాయి. మొక్క నిలదొక్కుకుని గుబురు కట్టబోయే ముందు, కొస చిగురును గోటితో తుంచేయండి. మనసొప్పదు, తెలుసు. తుంచిన చోట నుంచి పక్క కొమ్మలు లేస్తాయి, పూలు నాలుగింతలవుతాయి. పూత వారం, పది రోజులు వెనక్కి పోతుంది కాబట్టి ఆ రోజుల్ని కూడా లెక్కలో కలుపుకోండి. యూరియా మాత్రం దగ్గరికి రానివ్వకండి. ఆకు ఏపుగా పెరుగుతుంది, పువ్వు రాదు. నాటేటప్పుడు వేసిన పశువుల ఎరువు చాలు.

వాడిన పువ్వును ఎప్పటికప్పుడు తుంచేస్తూ ఉంటే మొక్క ఇంకా పూస్తుంది. గింజ కట్టనిస్తే పని అయిపోయిందనుకుని ఆగిపోతుంది. నేను సాయంత్రం కూర్చునే ముందు ఒక వరస తుంచి కూర్చుంటాను. అదో కాలక్షేపం.

బంతి వేర్లు నేలలోని నులిపురుగును తగ్గిస్తాయి. అందుకే ప్రతి ఏడూ మడి మారుస్తాను. నిరుడు బంతి ఉన్న చోట ఈసారి వంగ, టమాటా.

చామంతి, బల్బు కథ

చామంతికి విత్తనంతో పని లేదు. పాత దుబ్బు మొదట్లో లేచే పిలకలను జూన్, జులైలో విడదీసి నాటుకుంటారు. నవంబర్ నుంచి పూలు. ఎక్కడ నాటాలన్నదే అసలు విషయం.

నాకు ఒక ఏడు అంతుపట్టని వింత జరిగింది. ఒకే దుబ్బు నుంచి తీసిన పిలకలు, ఒకే రోజు నాటాను, ఒకే ఎరువు. దూరంగా ఉన్న వరస అంతా మొగ్గ తొడిగి పసుపుగా విచ్చుకుంది. మోటారు షెడ్డు పక్కన ఉన్న ఏడెనిమిది మొక్కలు మాత్రం నిగనిగలాడే ఆకుతో, ఒక్క మొగ్గ లేకుండా నిలబడ్డాయి. ఎరువు ఎక్కువైందేమో అనుకున్నాను. చివరికి తేలిందేమిటంటే, దొంగల భయానికి షెడ్డు ముందు రాత్రంతా వెలిగే బల్బు. చామంతి రాత్రుల నిడివిని బట్టి పూస్తుంది. చీకటి పొడుగైతేనే మొగ్గ కడుతుంది. బల్బు వెలుగులో ఉన్నవాటికి ఇంకా ఎండాకాలమే నడుస్తోంది! బల్బు ఆపాక కొన్ని వారాలకు అవి కూడా మొగ్గ తొడిగాయి.

దీన్ని వాడుకోవచ్చు కూడా. సంక్రాంతికి పూలు మిగలాలంటే ఒక చిన్న వరసను కావాలనే వెలుతుర్లో ఉంచి, నవంబర్లో బల్బు తీసేయండి. లేదంటే వీధి దీపం పడే చోట చామంతి పెట్టకండి.

డిసెంబరాలకు ఇంత తంటా లేదు. వానాకాలం మొదట్లో కొమ్మ గుచ్చితే బతుకుతాయి. వాసన లేకపోయినా ఆ ఊదా రంగు పసుపు బంతి పక్కన ఉంటే రెండూ బాగుంటాయి. కంచె పక్కన వరసగా పెట్టి మర్చిపోండి.

తినే పంటలే పూలతోట

3 సెంట్ల పూలతో పొలం రంగెక్కదు. మిగతా 67 సెంట్లు కూడా సాయం చేయాలి. మా చేలో అసలు రంగు కందిదే. వానాకాలంలో వేసిన కంది నవంబర్ ప్రాంతంలో పూతకొస్తుంది. ఊరికే పసుపనుకుంటాం. ఒక రెమ్మ వంచి మొగ్గ వెనక వైపు చూడండి, చాలా రకాల్లో ఎర్రటి సన్న గీతలుంటాయి, ఎవరో కుంకుమతో గీసినట్టు. పూత మీద పచ్చపురుగు వస్తుంది, చూస్తూ ఊరుకోలేం. నేను లీటరు నీటికి 5 మిల్లీలీటర్ల వేపనూనె సాయంత్రం పూట కొడతాను. పొద్దున కొడితే తేనెటీగలు బలవుతాయి, అవి లేకపోతే చూడ్డానికి సగం సరదా ఉండదు.

గోంగూరలో నాలుగు మొక్కలు కోయకుండా వదలండి. పగటి నిడివి తగ్గాక అవి కూడా పూస్తాయి. లేత పసుపు రేకులు, నడుమ ముదురు మెరూన్ కన్ను. కోసి తినడం తప్ప గోంగూర పువ్వును ఎన్నడూ చూడనివాళ్లు మా ఊళ్లోనే ఉన్నారు.

ఒంగోలు చుట్టుపక్కల నల్లరేగడిలో ఉన్నవాళ్లకు శనగ ఉంది. తెల్ల శనగకు తెల్లపూలు, ఎర్ర శనగకు గులాబీ ఊదా పూలు, వంగి చూస్తే తప్ప కనపడవు. పొగాకు పువ్వు కూడా లేత గులాబీ రంగులో బాగుంటుంది కానీ ఆకు కోసం మొగ్గ రాగానే తల తుంచేస్తారు. గట్టు వార నాలుగు మొక్కలు వదిలేయమని ఏ పొగాకు రైతుకూ సలహా ఇవ్వను. నా మాట వినడు, వినక్కర్లేదు కూడా.

పచ్చిరొట్ట కోసం వేసే జనుములో ఒక మూల దున్నకుండా వదలండి. పసుపు పూలు వస్తాయి. వాటికన్నా చూడాల్సింది ఆకుల దగ్గరికి చేరే నీలి చారల సీతాకోకచిలుకలను. గిలకచెట్టుకూ ఇలాగే వస్తాయి. మగవి వాడిన ఆకును గీరి రసం పీల్చుకుంటాయి, వాటి జతకట్టే వాసనకు కావాల్సిన సరుకు అందులో ఉందట. ఒకే కొమ్మకు ఇరవై ముప్పై వేలాడుతుంటే కొమ్మే రెక్కలు ఆడించినట్టుంటుంది.

తుఫానుకు సిద్ధం

మన దగ్గర ఈ రంగులన్నీ తుఫానుల మధ్యే. 1989 నవంబర్ తుఫాను కావలి దగ్గరే తీరం దాటింది. మా ఇంట్లో పెద్దవాళ్లు ఇప్పటికీ ఏళ్లను దాంతోనే లెక్కపెడతారు. 2021 నవంబర్ పెన్నా వరద, 2023 డిసెంబర్ మిచాంగ్ తుఫాను ఇంకా మొన్నటి మాటే. పెద్ద గాలికి ఏం చేసినా లాభం లేదు. మామూలు వాయుగుండాలకు మాత్రం మూడు పనులు చాలు.

మడి చుట్టూ కాలువ తీసి, దాని మూతి పల్లానికి తెరిచి ఉంచండి; నిలిచిన నీళ్లలో బంతి రెండు రోజులకే వాడిపోతుంది. పొడుగు మొక్కలకు వరస రెండు చివర్లా కర్రలు పాతి, మోకాలి ఎత్తున ఒకటి, నడుం ఎత్తున ఒకటి పురికొస లాగండి. వాయుగుండం వార్త వినగానే విచ్చిన పూలన్నీ కోసేయండి. తడిసిన ముద్దబంతి బరువెక్కి కొమ్మను విరుస్తుంది. ఇంటి గుమ్మాలకు, గుడికి ఇవ్వండి.

వాన వెలిశాక పడిపోయిన మొక్కను ఆ రోజే లేపి మొదట్లో మట్టి ఎగదోయండి. రెండు రోజులాగితే కొసలు పైకి తిరిగి వంకరగా పెరుగుతాయి.

ఏ గంటకు ఏది

పొలంలో పువ్వు రోజంతా ఒకేలా ఉండదు. పారిజాతం ఉంటే తెల్లారకముందే వెళ్లాలి. కింద చిమ్మి గుడ్డ పరిచి ఉంచితే, ఎర్ర కాడలతో రాలిన పూలు మట్టి అంటకుండా దొరుకుతాయి. గుమ్మడి పువ్వు తెల్లవారుజామున విచ్చి ఎండెక్కేసరికి ముడుచుకుంటుంది. గొబ్బెమ్మలకు కోసేటప్పుడు పొడుగు కాడ ఉన్న మగపూలే కోయండి, కింద చిన్న పిందె ఉన్నది వదలండి. బెండ పొద్దునపూటే, మధ్యాహ్నానికి వాడిపోతుంది.

సాయంత్రానిది ఇంకో బ్యాచ్. బీర ఐదింటి ప్రాంతంలో పసుపుగా విచ్చుకుంటుంది. వెనకే సొర తెల్లగా, చంద్రకాంతం గులాబీగా. అందుకే నేను కూర్చునే బండ పక్కనే బీర పందిరి వేశాను. ఒక పువ్వును ఎంచుకుని రెప్ప వేయకుండా చూస్తే రేకు కదలడం కనపడుతుందని మా అబ్బాయి పందెం కట్టాడు. ఓ పావుగంట చూశాం. కదలడం కనపడలేదు, ఫోన్ మోగితే అటు తిరిగి మళ్లీ చూసేలోగా విచ్చుకుని ఉంది.

ఆకుల రంగే కావాలంటే ఒక నాటు బాదం చెట్టు చాలు. చలికాలంలో రాల్చే ముందు ఆకులోని పచ్చదనం విరిగిపోతుంది, ఎరుపు రంగు కొత్తగా తయారవుతుంది. అరచేతికన్నా పెద్ద ఆకు, సగం ఎరుపు, సగం పసుపు. నీడ ఎక్కువ పడుతుంది కాబట్టి పొలం నడుమ వద్దు, ఉత్తరపు గట్టు చివర పెట్టండి. మోదుగ కోసం ఇప్పుడే తొందరపడకండి, దాని వంతు ఫిబ్రవరి తర్వాత.

విత్తనం దాచుకోవడం

కనుమ అయ్యాక తుంచడం ఆపేయండి. మంచి రంగున్న నాలుగు మొక్కలను ఎంచి, వాటి పూలు మొక్క మీదే ఎండనివ్వండి. పువ్వు మొదలు గోధుమ రంగుకు తిరిగాక కోసి, నీడలో వారం ఆరబెట్టి, రేకులు లాగితే కింద నల్లటి సన్న పుల్లల్లా గింజలు వస్తాయి. కాగితం పొట్లంలో కట్టుకోండి, ప్లాస్టిక్ కవర్లో చెమ్మ పడుతుంది. కొన్న హైబ్రిడ్ విత్తనాల పూల నుంచి తీస్తే అదే పువ్వు మళ్లీ రాదు, నాటు బంతి నుంచే తీయండి.

పొట్లం మీద పేరు, రంగు, తేదీ రాయండి. నేను నిరుడు రాయలేదు. అందుకే ఈసారి పసుపు వరస అనుకున్న చోట సగం కారబంతి లేచింది. పెద్దమ్మకు మాత్రం అదే నచ్చింది, పొట్లం తనకూ ఒకటి కట్టివ్వమంది.